అక్వేరియం ప్రశ్నలు - జవాబులు: మన నీళ్ళకీ మన ఎండకీ నిలబడే మొక్కలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో జాస్తి భాగం చిన్న ట్యాంకుల్లో నిజం మొక్కల గురించే, అందుకే ఫిల్టర్ల సంగతి వచ్చే సంచికకి పెట్టి మొత్తం మొక్కలవే తీసుకున్నాను. అడిగినవాళ్ళంతా తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల వాళ్ళే కాబట్టి జవాబులు కూడా మన బోరు నీళ్ళు, మన మే నెల ఎండ లెక్కలోనే రాశాను. ఎక్కడో చల్లటి దేశంలో వాళ్ళు పెట్టిన ట్యాంకు ఫోటో ఫోన్లో చూసి అదే మొక్క కావాలని షాపుకి పోయే ముందు ఇది ఒకసారి చదవండి.

*అన్నా, మా బాబు కోసం ఒకటిన్నర అడుగు ట్యాంకు కొన్నాము. ప్లాస్టిక్ మొక్కలు వద్దు, నిజం మొక్కలే కావాలంటాడు. షాపులో అడిగితే సీఓటూ సిలిండర్ కావాలి, స్పెషల్ మట్టి కావాలి, పెద్ద లైటు కావాలి అని ఏడెనిమిది వేలు లెక్క చెప్పారు. అంత పెట్టలేము. ఏమీ తెలియని వాళ్ళ చేతిలో కూడా బతికే మొక్కలు ఉంటే చెప్పండన్నా.*
- ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

అమ్మా, ముందు ఆ సిలిండర్ సంగతి పక్కన పెట్టేయండి. సీఓటూ అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్, అది కావలసింది ఎర్ర ఆకుల మొక్కలకి, నేలంతా గడ్డిలాగ పరుచుకునే రకాలకి. మీకు చెప్పబోయే మొక్కలు దాంతో పన్లేకుండా పెరిగేవి. స్పెషల్ మట్టి కూడా అక్కర్లేదు. ఇసక జల్లించి 2, 3 మిల్లీమీటర్ల గరుకుది తీసుకుని, బకెట్లో వేసి నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, రెండంగుళాల మందం వేస్తే చాలు. ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు అంటే పేరుకి 40 లీటర్లు గానీ ఇసక పోను, పైన కొంచెం ఖాళీ పోను మీకు నిజంగా పట్టేది ఓ 30 లీటర్లే. దానికి 10 వాట్ల లోపు తెల్ల ఎల్‌ఈడీ లైటు సరిపోతుంది, 6500 కెల్విన్ (వెలుతురు రంగుకి కొలత) అని రాసి ఉన్నది చూసి తీసుకోండి.

మొక్కల్ని అందం చూసి కాదు, అది తిండి ఎక్కణ్ణించి తీసుకుంటుందో చూసి ఎంచుకోవాలి, ఈ ఒక్క విషయం తెలిస్తే సగం మొక్కలు చావకుండా ఉంటాయి. కొన్నిటికి మట్టే అక్కర్లేదు, రాయికో కొయ్యకో అంటుకుని బతుకుతాయి, అనూబియాస్, జావా ఫెర్న్ ఆ రకం. కొన్ని ఇసకలో వేళ్ళు దింపి అడుగునుంచి తింటాయి, వాలిస్నేరియా, క్రిప్టోకోరైన్ ఆ రకం. ఇంకొన్ని నీళ్ళల్లోనే తేలుతూ నీళ్ళల్లో ఉన్నదంతా లాక్కుంటాయి, హార్న్‌వర్ట్, వాటర్ స్ప్రైట్ లాంటివి.

మీరు మొదట కొనాల్సింది హార్న్‌వర్ట్, ఒక మంచి గుత్తి. దానికి వేళ్ళే ఉండవు, నాటే పని లేదు, అట్లా నీళ్ళల్లో వదిలేయడమే. కొత్త ట్యాంకులో చేపల రెట్టనుంచి, మిగిలిపోయిన మేతనుంచి అమ్మోనియా వస్తుంది, చేపల్ని చంపేది అదే, దాన్ని కరిగించే బాక్టీరియా ఫిల్టర్‌లో తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అంతవరకు ఆ అమ్మోనియాని తినేది ఇట్లాంటి గబగబా పెరిగే మొక్కలే. అందుకే మొక్కలు ముందు పెట్టండి, ఒక రెండు మూడు వారాలు ఆగి చేపల్ని తెచ్చుకోండి. మన బాబు ఆగడు, తెలుసు, అయినా ఆపండి. హార్న్‌వర్ట్ మొదట్లో కొంచెం సూదుల్లాంటి ఆకులు రాలుస్తుంది, వలతో తీసేయండి, అలవాటు పడినాక ఆగిపోతుంది.

వెనక వరసకి వాలిస్నేరియా ఆరేడు మొక్కలు, పొడుగ్గా రిబ్బన్లలాగ పెరిగేది. నాటేటప్పుడు వేళ్ళు మాత్రమే ఇసకలో, ఆకులు మొదలయ్యే తెల్లటి భాగం బయటికి కనపడాలి, అది పూడిస్తే కుళ్ళిపోతుంది. కుదురుకున్నాక ఇసకలో అడ్డంగా తీగ పాకించి పక్కన పిల్ల మొక్కలు వేసుకుంటూ పోతుంది, మళ్ళీ కొనాల్సిన పని ఉండదు. ముందు వైపు ఒక రాయి మీద అనూబియాస్ నానా. ఇది ఎక్కడో పశ్చిమ ఆఫ్రికా వాగుల్లో మొక్క, వెలుతురు తక్కువైనా బతుకుతుంది, నెలకి ఒకట్రెండు ఆకులు వేస్తే గొప్ప, కాబట్టి పెరగట్లేదని బెంగ పెట్టుకోకండి.

అనూబియాస్, జావా ఫెర్న్ కొన్నోళ్ళల్లో చానా మంది చేసే పని దాన్ని ఇసకలో పాతిపెట్టడం. పసుపు కొమ్ములాగ అడ్డంగా ఒక లావు కాండం ఉంటుంది చూడండి, ఆకులు పైకి, వేళ్ళు కిందికి దాన్నుంచే వస్తాయి, ఆ కొమ్ము ఇసకలో మునిగితే నెలలోపు మెత్తబడి కుళ్ళుతుంది. దాన్ని రాయి మీద పెట్టి మామూలు కాటన్ దారంతో రెండు చుట్లు చుట్టి ముడేయండి, బిగించకండి, దారం కుళ్ళి ఊడిపోయే లోపల వేళ్ళు రాయిని పట్టేసుకుంటాయి. ఫెవిక్విక్‌తో కూడా అంటించుకోవచ్చు, రాయి తడి తుడిచి ఒక చుక్క వేసి కొమ్ముని పది సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలు, ఆరినాక దానివల్ల చేపలకి ఏమీ కాదు.

క్రిప్టోకోరైన్, వాలిస్నేరియా లాంటి వేళ్ళతో తినే వాటికి రెండు మూడు నెలలకోసారి రూట్ ట్యాబ్లెట్ అనే ఎరువు బిళ్ళ ఒకటి వేళ్ళ దగ్గర ఇసకలోకి గుచ్చండి. తోటకి వేసే యూరియా, డీఏపీ మాత్రం పొరపాటున కూడా వద్దు, అది నీళ్ళల్లో అమ్మోనియా అయి తెల్లారేసరికి చేపలు తేలతాయి.

ఇంకో మాట, పది రకాలు ఒక్కొక్కటి తెచ్చే బదులు మూడు రకాలు గుత్తులు గుత్తులుగా తెచ్చుకోండి. అమెజాన్ స్వోర్డ్ అంటగడితే మాత్రం వద్దనండి, షాపులో జానెడే ఉంటుంది గానీ అది అడుగున్నర పెరిగే మొక్క, మీ ట్యాంకులో చేపలకి చోటుండదు.

*సార్, మాది బోరు నీళ్ళు, బకెట్ అంచులకి, గీజర్‌లో తెల్లగా పేరుకుపోతుంది. ఇట్లాంటి నీళ్ళల్లో మొక్కలు బతకవు, ఆర్‌ఓ క్యాన్ నీళ్ళు పోయమంటున్నారు మా ఫ్రెండ్స్. పోయచ్చా?*
- ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

క్యాన్ నీళ్ళు ఒక్కటే పోయకండి. ఆర్‌ఓలో కాల్షియం, మెగ్నీషియం చానా వరకు తీసేస్తారు, మొక్కకి ఆకు వేయాలంటే అవి కావాలి, చేపకీ కావాలి. మీ నీళ్ళల్లో తెల్లగా పేరుకునేది అదే, మనకి గీజర్ పాడు చేసే వస్తువు గానీ మొక్కకి తిండే.

పైగా సంతోషించే సంగతి ఒకటి ఉంది. వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ ఈ మూడూ ఇట్లా తెల్లగా పేరుకునే గట్టి నీళ్ళల్లో కరిగి ఉండే బైకార్బనేట్ అనే ఉప్పు నుంచి కార్బన్ తీసుకోగలవు. మెత్తటి నీళ్ళ మొక్కలు సిలిండర్ గ్యాస్ కోసం చూస్తా ఉంటే ఇవి మీ బోరు నీళ్ళనుంచే ఆ పని జరుపుకుంటాయి, కాబట్టి చిత్తూరు బోరుకి వాలిస్నేరియాని మించిన మొక్క లేదని నా గట్టి అభిప్రాయం. అనూబియాస్, క్రిప్టోకోరైన్ వెండ్టి కూడా ఈ నీళ్ళకి సర్దుకుంటాయి. చేపల్లో గప్పీ, ప్లాటీ, మోలీ గట్టి నీళ్ళనే ఇష్టపడతాయి, సరిగ్గా జత కుదురుతుంది.

మీరు జాగ్రత్త పడాల్సింది రాళ్ళ దగ్గర. చలవరాయి ముక్కలు, గవ్వలు, పగడపు రాళ్ళు వేస్తే అసలే గట్టిగా ఉన్న నీళ్ళు ఇంకా గట్టిపడతాయి. రాయి మీద నిమ్మకాయ పిండి చూడండి, బుసబుసమని నురగ వస్తే అది పనికిరాదు. అట్లాగే ఆర్‌ఓ మెషిన్ నుంచి బయటికి పోయే వేస్ట్ నీళ్ళు పోయొద్దు, ఉప్పుతో పనిచేసే సాఫ్ట్‌నర్ నీళ్ళూ వద్దు.

మున్సిపల్ నీళ్ళు వాడేవాళ్ళకి, తిరుపతిలో కళ్యాణి డ్యామ్ నుంచో తెలుగుగంగ నుంచో వచ్చే కొళాయి నీళ్ళు అనుకోండి, వాటికి క్లోరిన్ సమస్య. వెడల్పు టబ్బులో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చానా వరకు పోతుంది, తొందర ఉంటే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసుకోవచ్చు. బోరైనా కొళాయైనా వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మారిస్తే చాలు, మొత్తం తోడి కడిగేసే అలవాటు మానుకోండి.

సీఓటూ గ్యాస్ బదులని లిక్విడ్ కార్బన్ పేరుతో సీసాల్లో అమ్ముతారు, అది వాలిస్నేరియా ఉన్న ట్యాంకులో వేయకండి, ఆకులు కరిగిపోతాయి. హార్న్‌వర్ట్‌కి కూడా పడదు.

*అన్నా, హాస్టల్ రూమ్‌లో చిన్న ట్యాంకు పెట్టుకున్నా. క్రిప్టోకోరైన్ అని గోధుమ రంగు ఆకుల మొక్క కొన్నా, నాలుగో రోజుకే ఆకులన్నీ జెల్లీలాగ అయిపోయి ఊడిపోతా ఉండాయి. షాపు వాళ్ళు మోసం చేశారా? పీకి పారేయమంటారా?*
- ఒక విద్యార్థి, తిరుపతి

పీకొద్దు తమ్ముడూ, మోసం కూడా కాదు. ఆ మొక్కకి ఇది మామూలే, నీళ్ళు మారినా, లైటు మారినా, చోటు మార్చినా ఆకులు కరగదీసి మళ్ళీ కొత్తగా వేసుకుంటుంది. ఇంకో కారణం కూడా ఉంటుంది, నర్సరీల్లో ఇట్లాంటి మొక్కల్ని నీళ్ళ బయట, తేమలో పెంచుతారు, త్వరగా పెరుగుతాయి కాబట్టి. ఆ గాలిలో పెరిగిన ఆకు నీళ్ళల్లో పనిచేయదు, రాలిపోయి నీళ్ళకి తగిన ఆకు వస్తుంది. అనూబియాస్, హైగ్రోఫిలా లాంటి వాటిక్కూడా కొంత ఉంటుంది గానీ క్రిప్టోకోరైన్‌కి జాస్తి.

ఇప్పుడు చేయాల్సింది, కరిగిన ఆకుల్ని కత్తెరతో మొదట్లో కత్తిరించి బయటికి తీసేయడం, లేకపోతే అవి కుళ్ళి నీళ్ళు పాడవుతాయి. తర్వాత వేలితో ఇసకలో ఆ మొదలుని మెల్లగా నొక్కి చూడు. గట్టిగా ఉంటే బతికే ఉంది, మెత్తగా నలిగి కుళ్ళు వాసన వస్తే అప్పుడు తీసేయి. గట్టిగా ఉంటే దాన్ని కదిలించకు, జరపకు, వేళ్ళు చూద్దామని లాగకు, రెండు మూడు వారాల్లో చిన్న చుట్ట చుట్టుకున్న ఆకు ఒకటి బయటికి వస్తుంది. షాపుల్లో దొరికే వెండ్టి రకం శ్రీలంకది, మన వేడికి బాగానే తట్టుకుంటుంది, ఒకసారి కుదురుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది, అందుకే నాటేముందే చోటు ఖాయం చేసుకోవాలి.

*సార్, మాది పై అంతస్తు, స్లాబ్ వేడి. ఏప్రిల్ వచ్చేసరికి ట్యాంకు నీళ్ళు 33 డిగ్రీలు చూపిస్తా ఉంది. పోయిన ఎండాకాలం జావా ఫెర్న్, మాస్ అన్నీ నల్లబడి పోయినాయి. ఈసారి ఏం చేయాలి?*
- ఒక పాఠకుడు, ఎం.ఆర్.పల్లి, తిరుపతి

మీ ప్రశ్న అందరికీ పనికొస్తుంది, ఎందుకంటే తిరుపతిలో మే నెలలో బయట 40 దాటడం మామూలే, మొక్కల గురించి రాసేవాళ్ళలో ఎక్కువమంది హీటర్ గురించి చెప్తారు గానీ మనకి కావలసింది చల్లబరిచే ఉపాయం.

జావా ఫెర్న్, జావా మాస్ రెండూ 30 డిగ్రీల లోపల సుఖంగా ఉండే మొక్కలు, వారాల తరబడి 33లో ఉంచితే తట్టుకోలేవు. పై అంతస్తు ఇల్లయితే వాటి బదులు వాలిస్నేరియా, హార్న్‌వర్ట్, వాటర్ స్ప్రైట్, హైగ్రోఫిలా పాలిస్పెర్మా పెట్టుకోండి. ఈ హైగ్రోఫిలా మన దేశపు మొక్కే, ఎంత మొండిదంటే అమెరికాలో దాన్ని ప్రమాదకరమైన కలుపు జాబితాలో పెట్టేశారు. కొమ్మ తుంచి ఇసకలో గుచ్చితే వేళ్ళు వస్తాయి. పొడుగైనప్పుడల్లా పై సగం కత్తిరించి పక్కన నాటుకుంటా పోతే మూడు నెలల్లో మీరే పక్కింటికి పంచుతారు.

చల్లబరచడానికి అన్నిటికంటే చవకైనది చిన్న టేబుల్ ఫ్యాను. ట్యాంకు మూత తీసేసి, నీళ్ళ పైభాగాన్ని రాసుకుంటూ గాలి పోయేట్టు పక్కనుంచి పెట్టండి, నీళ్ళు ఆవిరైపోయేకొద్దీ రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీళ్ళు రోజూ కొంచెం పోసి నింపాలి, అప్పుడు మాత్రం ఆర్‌ఓ నీళ్ళు పోయడమే మంచిది, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పులు ట్యాంకులోనే ఉండిపోతాయి, బోరు నీళ్ళే పోస్తా పోతే రోజురోజుకీ గట్టిపడతాయి. చేప ఎగిరి పడేదైతే పైన దోమతెర గుడ్డ కట్టండి. ఐసు గడ్డలు నేరుగా వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేపకి దెబ్బ, అంతగా కావాలంటే గడ్డకట్టిన నీళ్ళ బాటిల్ మూత బిగించి తేలేయండి.

లైటు కూడా వేడి పుట్టిస్తుంది, పగలు మానేసి సాయంత్రం 5 నుంచి రాత్రి 11 వరకు వేసుకోండి, మీరు ఇంట్లో ఉండేదీ అప్పుడే కదా. ఇంకొక ముఖ్యమైన సంగతి, వేడి నీళ్ళల్లో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, పైగా లైటు ఆర్పాక మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయే గానీ ఇవ్వవు. మొక్కలు ఒత్తుగా ఉన్న ట్యాంకులో తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తా ఉంటే కారణం ఇదే. ఎండాకాలం రాత్రంతా ఎయిర్ పంపు ఆన్‌లో ఉంచండి. కరెంటు పోయే ఇళ్ళయితే బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి దగ్గర పెట్టుకోవడం మేలు.

*మేడం గారూ లేక సార్ గారూ, కిటికీ పక్కన ట్యాంకు. పొద్దున ఆరింటికి లైటు వేస్తే రాత్రి పడుకునే ముందు ఆపుతాం. అద్దాలు, అనూబియాస్ ఆకులు అంతా పచ్చగా పాచి పట్టేసింది. మందు ఏదైనా ఉందా?*
- ఒక గృహిణి, చంద్రగిరి

మందు వద్దమ్మా. పదహారు గంటల లైటు, దానికి తోడు కిటికీ ఎండ, పాచికి అంతకంటే ఏం కావాలి. ఆరేడు గంటలకి తగ్గించండి, మరిచిపోతామనుకుంటే టైమర్ ప్లగ్గు పెట్టండి, కిటికీకి మందం పరదా వేయండి. మేత రెండు నిమిషాల్లో తినేంతే వేయండి. అనూబియాస్ ఆకు నిదానంగా పెరిగేది కాబట్టి దాని మీద పాచి కూర్చోవడానికి టైమ్ దొరుకుతుంది, ఆకుని అరచేతిలో ఆనించి మెత్తటి గుడ్డతో తుడవండి, దాన్ని లైటు కిందనుంచి తీసి వాలిస్నేరియా నీడలో పెట్టండి. కొత్త ట్యాంకులో గోధుమ రంగు పొడిలాగ పట్టేది వేరే రకం, అది కొన్ని వారాలకి దానంతట అదే తగ్గుతుంది.

*అన్నా, మా ఊరి చెరువులో నాచు మొక్కలు కుప్పలుగా ఉండాయి, షాపులో అమ్మే హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ అవేనంట కదా. తెచ్చి వేసుకోవచ్చా?*
- ఒక పాఠకుడు, పాకాల

అవే. మన చెరువుల్లో, కాలవల్లో హైడ్రిల్లా, హార్న్‌వర్ట్, వాలిస్నేరియా మూడూ పెరుగుతాయి, మన నీళ్ళకి, వేడికి పుట్టినప్పటినుంచే అలవాటు పడినవి కాబట్టి నేనైతే వాటికే ఓటు వేస్తాను. కానీ తెచ్చి నేరుగా ట్యాంకులో వేయకండి, వాటితో పాటు జలగలు, తూనీగ పిల్ల పురుగులు వస్తాయి. ఆ తూనీగ పిల్ల నీళ్ళల్లోనే పెరుగుతుంది, దవడ ముందుకి చాపి గప్పీ పిల్లల్ని పట్టి తినేస్తుంది, ట్యాంకులో చేప పిల్లలు ఒక్కొక్కటే మాయమవుతా ఉంటే దాన్నే అనుమానించాలి.

పొలాల్లో కొట్టిన పురుగుమందు నీళ్ళు దిగే చెరువు, మురుగు కలిసే చెరువు వద్దు. గుడి కోనేళ్ళ జోలికి పోవద్దు. ఒక గుప్పెడు తెచ్చి, ఎండిన ఆకులు తీసేసి, కొళాయి కింద బాగా జాడించి, పొటాషియం పర్మాంగనేట్ లేత గులాబీ రంగు వచ్చేంత మాత్రం కలిపిన నీళ్ళల్లో పది నిమిషాలు ముంచి, మళ్ళీ మంచి నీళ్ళల్లో కడిగి, విడిగా ఒక బకెట్లో రెండు మూడు వారాలు పెట్టి చూడండి. ఆ బకెట్‌కి దోమతెర కట్టడం మరవొద్దు, డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇట్లాంటి నిలవ నీళ్ళల్లోనే. ఏమీ కదలకపోతే అప్పుడు ట్యాంకులోకి.

దీనికి తిరగ ప్రశ్న ఎవరూ అడగలేదు గానీ నేనే చెప్తాను. ట్యాంకులో జాస్తి అయిన మొక్కల్ని చెరువులో, కాలవలో పారేయకండి. గుర్రపుడెక్క దక్షిణ అమెరికానుంచి పూలు బాగున్నాయని తెచ్చిన మొక్కే, ఈరోజు మన చెరువులు ఎట్లా మూసుకుపోయినాయో చూస్తానే ఉన్నాం. ఎండలో ఎండబెట్టి పూలకుండీ మట్టిలో కలిపేయండి, మంచి ఎరువు.

*షాపులో లక్కీ బ్యాంబూ, ఎరుపు పచ్చ చారల ఆకుల మొక్క ఒకటి నీళ్ళ మొక్కలని ఇచ్చారు. నెలకి కుళ్ళిపోయినాయి.*
- ఒక పాఠకురాలు, పలమనేరు

అవి నేల మొక్కలమ్మా. లక్కీ బ్యాంబూ అసలు వెదురే కాదు, డ్రసీనా జాతి, వేళ్ళు నీళ్ళల్లో ఉండి ఆకులు గాలిలో ఉంటేనే బతుకుతుంది. అదే పద్ధతిలో మనీప్లాంట్ తీగ ఒకటి ట్యాంకు అంచున కట్టి వేళ్ళు మాత్రం నీళ్ళల్లోకి వదలండి, చేపల రెట్టనుంచి నీళ్ళల్లో చేరే నైట్రేట్ బాగా లాగేస్తుంది, ఖర్చు కూడా లేదు. కొనేటప్పుడు పేరు అడిగి అక్కడే ఫోన్లో ఫోటో చూసి సరిపోల్చుకోండి, పేరు చెప్పలేని మొక్క కొనొద్దు.

*చేపలకి తెల్ల చుక్కలు వచ్చాయి, కల్లుప్పు వేయమంటున్నారు. మొక్కలకి ఏమన్నా అవుతుందా? ఇంకా, మొక్కలతో పాటు నత్తలు కూడా వచ్చాయి, ఆకులు తినేస్తాయా?*
- ఒక పాఠకుడు, కొంగారెడ్డిపల్లి, చిత్తూరు

అవుతుంది. ఉప్పు చానా మొక్కలకి పడదు, నీలం మందు మెథిలీన్ బ్లూ అయితే మొక్కలతో పాటు ఫిల్టర్‌లో బాక్టీరియాని కూడా దెబ్బతీస్తుంది. చేపలన్నిటినీ ఒక టబ్బులోకి తీసి, ఎయిర్ పంపు పెట్టి వైద్యం అక్కడ చేయండి. ఆ చుక్కల పురుగుకి చేప దొరక్కపోతే బతుకు లేదు, కాబట్టి ట్యాంకుని రెండు వారాలు చేపలు లేకుండా మొక్కలతో వదిలేస్తే మన వేడికి అదే పోతుంది.

నత్తలు ఆరోగ్యంగా ఉన్న ఆకు జోలికి పెద్దగా పోవు, చచ్చిన ఆకు, పాచి, మిగిలిన మేత తింటాయి. మరీ గుంపులైతే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. రాత్రి పడుకునే ముందు దోసకాయ ముక్క ఒకటి ఫోర్కుకి గుచ్చి అడుగున పెట్టి, పొద్దున్నే నత్తలతో సహా తీసేయండి, వారం రోజులు ఇట్లా చేస్తే తగ్గిపోతాయి.